ఉద్యోగ సంతృప్తిపై సర్వే: మనుషులు నిజం చెప్పేలా ఎలా చేయాలి

వరంగల్ చుట్టుపక్కల ఎంబీఏ చదివే విద్యార్థుల్లో చాలామంది చివరి సెమిస్టర్ ప్రాజెక్టుకు ఎంచుకునే అంశం ఒకటే: ఫలానా సంస్థలో ఉద్యోగుల సంతృప్తి, ప్రేరణ. ఏళ్లుగా అలాంటి ప్రాజెక్టులకు గైడ్‌గా ఉంటున్నాను. నా బల్ల మీదికి వచ్చే రిపోర్టుల్లో ఎక్కువ భాగం ఒకే మాటతో ముగుస్తాయి: అత్యధికులు సంతృప్తిగా ఉన్నారు, క్యాంటీన్ కొంత మెరుగుపరిస్తే బాగుంటుంది.

ఒకసారి అలాంటి రిపోర్టు తెచ్చిన అమ్మాయిని అసలు ఫారాలు చూపించమన్నాను. హనుమకొండలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో అరవై మంది నర్సులు నింపిన కాగితాలవి. అందులో 41 ఫారాల్లో మొదటి ప్రశ్న నుంచి చివరి ప్రశ్న దాకా టిక్కులన్నీ ఒకే నిలువు వరుసలో ఉన్నాయి. "జీతం సకాలంలో అందుతుంది" అన్న వాక్యం పక్కన కూడా "పూర్తిగా అంగీకరిస్తాను" గడిలోనే టిక్కు. ఆ నెల జీతం అప్పటికే పదమూడు రోజులు ఆలస్యమైందని ఆ అమ్మాయే చెప్పింది. మరి ఎందుకిలా రాశారు అని అడిగితే కొంచెంసేపు ఆలోచించి, "ఫారాలు పంచింది, మళ్లీ వసూలు చేసింది నర్సింగ్ సూపరింటెండెంటే సార్. డ్యూటీ మారే వేళ ఆమె ముందే నిలబడి నింపారు" అంది.

తప్పు నర్సులది కాదు. తమకు చేతనైన జాగ్రత్త వాళ్లు తీసుకున్నారు. సర్వే చేసేవాళ్లే ఆ జాగ్రత్త అవసరం లేకుండా చూడాలి. అదెలాగో నాకు తెలిసినంత వరకు ఇక్కడ రాస్తున్నాను. విద్యార్థులకే కాదు, మిల్లులోనో బడిలోనో ఆసుపత్రిలోనో సిబ్బంది వ్యవహారాలు చూసేవాళ్లకూ ఇది పనికొస్తుంది.

1. ముందు రెండు మాటలను విడదీయండి

సంతృప్తి, ప్రేరణ ఒకటి కావు. చేస్తున్న ఉద్యోగం గురించి మనిషికి ఉన్న భావన సంతృప్తి. రేపు పొద్దున లేచి ఆ పని మీద ఎంత శ్రమ పెడతాడు, ఎంతకాలం వదలకుండా పెడతాడు అన్నది ప్రేరణ. ప్రభుత్వ కొలువులో హాయిగా ఉంటూ ఫైలు కదిలించని మనిషి మీకు తెలిసే ఉంటాడు. నెలకు పన్నెండు వేల జీతానికి కడుపు మండుతున్నా పదో తరగతి పిల్లల కోసం ఆదివారం కూడా బడికి వెళ్లే ప్రైవేటు టీచరూ తెలిసే ఉంటారు. మొదటివారికి సంతృప్తి ఉంది, ప్రేరణ లేదు. రెండోవారిది సరిగ్గా దానికి తలకిందులు.

"సంతృప్తిగా ఉన్నవాళ్లు బాగా పనిచేస్తారు" అని రిపోర్టు మొదటి పేజీలోనే రాసేస్తుంటారు. అది అంత సులువైన మాట కాదు. 1985లో ఇయాఫల్డానో, ముచిన్‌స్కీ అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను కలిపి లెక్కిస్తే సంతృప్తికీ పనితీరుకూ మధ్య సహసంబంధం (సున్నా అంటే సంబంధం లేదు, 1 అంటే పూర్తి సంబంధం) 0.17 మాత్రమే వచ్చింది. 2001లో టిమోతీ జడ్జ్, ఆయన సహచరులు 312 నమూనాలు, 54 వేలకు పైగా మనుషుల వివరాలతో మళ్లీ లెక్కకట్టి, కొలతల్లోని లోపాలను సరిచేస్తే అది 0.30 అయింది. సంబంధం ఉంది కానీ బలమైనదేమీ కాదు. పైగా ఏది కారణం, ఏది ఫలితం అన్నది ఆ అంకె చెప్పదు. బాగా పనిచేసి నలుగురి మెప్పు పొందినందువల్ల కూడా సంతృప్తి కలగవచ్చు కదా.

అందుకని సినాప్సిస్, అంటే ప్రాజెక్టు ప్రతిపాదన, రాసే ముందే ఒక వాక్యంలో తేల్చుకోండి: నేను కొలిచేది ఏమిటి? రెండూ కొలుస్తానంటే రెండింటికీ వేర్వేరు ప్రశ్నలు కావాలి.

2. సంస్థను, సమయాన్ని చూసుకోండి

మన ప్రాంతంలో సంస్థలకు కొదవ లేదు. భూపాలపల్లి, రామగుండం, మందమర్రి గనులు, ఆర్టీసీ డిపోలు, కాజీపేట రైల్వే షెడ్లు, విద్యుత్ పంపిణీ సంస్థ, ఏనుమాముల మార్కెట్, జిన్నింగ్ మిల్లులు, మడికొండలో ఐటీ కంపెనీలు, వీధికొకటిగా ప్రైవేటు బడులు, ఆసుపత్రులు. పెద్ద పేరున్న సంస్థే కావాలని పట్టుబట్టకండి. అనుమతి రాక మూడు నెలలు పోగొట్టుకున్న విద్యార్థులను చూశాను. మనుషులతో కూర్చుని మాట్లాడనిచ్చే చిన్న సంస్థ, గేటు దగ్గర ఫారాలు తీసుకుని పంపించేసే పెద్ద సంస్థ కంటే ఎంతో మేలు.

సమయం సంగతి ఎవరూ పట్టించుకోరు, కానీ అది జవాబులనే మార్చేస్తుంది. సింగరేణిలో దసరా ముందు లాభాల వాటా చేతికందే వారంలో జీతభత్యాల గురించి అడిగితే ఒక జవాబు వస్తుంది. రెండు నెలల తర్వాత అడిగితే ఇంకొకటి వస్తుంది. మేడారం జాతర రోజుల్లో ఆర్టీసీ డ్రైవరును పని గంటల గురించి అడగడం, పత్తి ముమ్మరంగా వచ్చే రోజుల్లో జిన్నింగ్ మిల్లు కార్మికుణ్ని విశ్రాంతి గురించి అడగడం అలాంటిదే. ఆ జవాబులు అబద్ధం కావు, అయితే అవి ఆ వారానికి సంబంధించినవి. మామూలు రోజుల్లో అడగండి. ఏ తేదీల్లో అడిగారో, అప్పుడు సంస్థలో ఏం జరుగుతోందో రిపోర్టులో రాయండి.

3. యాజమాన్యంతో ముందే ఒప్పందం చేసుకోండి

కాలేజీ ఉత్తరం తీసుకుని వెళ్లినప్పుడు మూడు విషయాలు మాటలతో సరిపెట్టకుండా కాగితం మీద రాయించుకోండి. ఫారాలను సూపర్‌వైజర్లు పంచరు, వసూలు చేయరు. నింపిన ఫారాలు మీరు ఎవరికీ చూపించరు. ఐదుగురికంటే తక్కువ మంది ఉన్న ఏ విభాగం ఫలితాలూ విడిగా ఇవ్వరు.

మూడో షరతు ఎందుకో చెబుతాను. పేరు రాయించుకోకపోయినా మనిషి దొరికిపోతాడు. "విభాగం: అకౌంట్స్. లింగం: స్త్రీ. వయసు: 45 పైన." ఆ విభాగంలో అలాంటి మనిషి ఒక్కరే ఉంటే పేరు రాసినట్టే. మీ పట్టికలో ఆ గడి చూసిన మేనేజరుకు ఆమె ఎవరో అర నిమిషంలో తెలిసిపోతుంది. కాబట్టి మొదటి పేజీలో అడిగే వ్యక్తిగత వివరాలు తగ్గించండి. వయసును పదేళ్ల అంతరాలుగా, సర్వీసును మూడు గుంపులుగా అడిగితే చాలు. మతం, కులం, కుటుంబ ఆదాయం లాంటివి మీ ప్రశ్నకు అవసరం లేకపోతే అడగనే వద్దు.

4. ఫారం రాయకముందు వినండి

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన అడుగు ఇదే. ఎక్కువమంది వదిలేసేదీ ఇదే.

షికాగో దగ్గరి హాతోర్న్‌లో వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ కర్మాగారం ఉండేది. 1924లో అక్కడ వెలుతురు పెంచితే ఉత్పత్తి పెరుగుతుందా అని ప్రయోగాలు మొదలుపెట్టారు. పాఠ్యపుస్తకాల్లో ఆ దీపాల కథే ఉంటుంది. అక్కడే 1928 నుంచి 1930 దాకా జరిగిన ఇంటర్వ్యూల గురించి మాత్రం ఎవరూ పెద్దగా చెప్పరు. సుమారు 21 వేల మంది కార్మికులతో మాట్లాడారు. మొదట్లో ముందే రాసుకున్న ప్రశ్నలు అడిగేవారు. కార్మికులు ఆ ప్రశ్నకు రెండు మాటల్లో జవాబిచ్చి, తమకు కావలసిన వేరే సంగతిలోకి వెళ్లిపోయేవారు. చివరికి ప్రశ్నల చీటీ పక్కన పెట్టి, కార్మికుడు ఏది మాట్లాడదలచుకుంటే అది మాట్లాడనివ్వడం మొదలుపెట్టారు. అరగంట పట్టే ఇంటర్వ్యూ గంటన్నరకు పెరిగింది. తమకు ఏమీ తెలియదని పరిశోధకులకు తెలిసొచ్చింది అప్పుడే.

మీరు 21 వేల మందితో మాట్లాడనక్కర్లేదు. ఎనిమిది, పది మంది చాలు. పాతవాళ్లు, కొత్తవాళ్లు, ఆడవాళ్లు, రాత్రి షిఫ్టువాళ్లు అందులో ఉండాలి. మాట్లాడేది గేటు బయట టీ కొట్టు దగ్గరో, ఇంటి దగ్గరో అయితే మంచిది.

ఏం అడగాలి? ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ బృందం పిట్స్‌బర్గ్ ప్రాంతంలో సుమారు 200 మంది ఇంజనీర్లు, అకౌంటెంట్లను అడిగిన రెండు ప్రశ్నలకు మించినవి నాకింతవరకు దొరకలేదు. పనిలో మీకు ఎంతో సంతోషం కలిగిన సందర్భం ఒకటి చెప్పండి. బాగా బాధపడిన సందర్భం ఒకటి చెప్పండి. 1959లో వెలువడిన ఆ ఫలితాలతోనే, జీతం, పర్యవేక్షణ, పని పరిస్థితులు అసంతృప్తికి కారణమవుతాయని, సాధించిన తృప్తి, గుర్తింపు, బాధ్యత సంతృప్తినిస్తాయని ఆయన రెండు కారకాల సిద్ధాంతం చెప్పారు. మంచి జరిగితే తమ గొప్ప, చెడు జరిగితే బయటివాళ్ల తప్పు అని చెప్పుకోవడం మనుషుల సహజ గుణమని, ఈ పద్ధతిలో ఫలితం అలా రావడంలో వింత లేదని తర్వాతివాళ్లు విమర్శించారు. ఆ విమర్శలో బలం ఉంది. అందుకే సిద్ధాంతాన్ని జాగ్రత్తగా వాడుకోండి. ఆ ప్రశ్నలను మాత్రం తప్పక వాడండి.

వరంగల్ శివార్లలోని ఒక జిన్నింగ్ మిల్లులో యాభై దాటిన ఫిట్టరును ఒక విద్యార్థి ఇలాగే అడిగాడు. నేనూ పక్కనే ఉన్నాను. జీతం ఎలా ఉంది అంటే "నడుస్తుంది" అన్నాడు. అంతే, ఆ ఒక్క మాటే. మీకు బాగా సంతోషం కలిగిన రోజు చెప్పండి అనగానే కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. బేళ్లు కట్టే ప్రెస్సు సీజన్ నడిమధ్యలో ఆగిపోయిందట. బయట పత్తి బండ్లు బారులు తీరి ఉన్నాయి. మెకానిక్ రావాలంటే రెండు రోజులు పడుతుంది. ఈయన రాత్రంతా మేలుకుని, పాత సామాను గుట్టలోంచి ఒక వాల్వు వెతికి, సానబట్టి, తెల్లవారుజామున నాలుగింటికి ప్రెస్సు నడిపించాడు. ఆ వాల్వు ఎంత ఉండేదో బొటనవేలు, చూపుడువేలు ఎడంగా పెట్టి చూపించాడు. ఇరవై నిమిషాలు చెప్పాడు. చివర గొంతు తగ్గించి అన్నాడు: "పొద్దున సేటు వచ్చి ప్రెస్సు చూసుకుని వెళ్లిపోయాడు. ఎవరు చేశారని అడగలేదు."

మరి ఆ మిల్లులో పంచబోయే ఫారంలో గుర్తింపు గురించి ఒక్క ప్రశ్న కూడా లేదు! క్యాంటీన్ మీద నాలుగు ఉన్నాయి. ఆ సాయంత్రమే ఫారం మార్చాం.

5. కొలబద్దను ఎంచుకోండి, సొంతంగా కట్టకండి

ఇంటర్నెట్‌లో దొరికిన పాత ప్రాజెక్టులోని ఇరవై ప్రశ్నలు దించుకోవడం చాలా చోట్ల అలవాటుగా మారింది. దానికంటే కొలబద్దను, అంటే పరిశోధకులు తయారుచేసి పరీక్షించిన ప్రశ్నావళిని, తీసుకోవడం సులువు కూడా.

పాల్ స్పెక్టర్ 1985లో ప్రకటించిన ఉద్యోగ సంతృప్తి సర్వేలో 36 వాక్యాలు ఉంటాయి. జీతం, ప్రమోషన్, పర్యవేక్షణ, ఇతర సదుపాయాలు, మంచి పనికి దక్కే గుర్తింపు, నియమ నిబంధనలు, తోటి ఉద్యోగులు, పని స్వభావం, సమాచార మార్పిడి అనే తొమ్మిది అంశాలకు నాలుగేసి వాక్యాలు. జవాబు అసలే అంగీకరించను నుంచి పూర్తిగా అంగీకరిస్తాను దాకా ఆరు మెట్ల మీద ఇవ్వాలి. మొత్తం 36 నుంచి 216 మధ్య వస్తుంది. 108 లోపు అసంతృప్తి, 144 పైన సంతృప్తి, నడుమ ఉంటే ఎటూ తేలని స్థితి అని ఆయనే సూచించారు. వ్యాపారానికి కాకుండా చదువుకు, పరిశోధనకు వాడుకునేవాళ్లకు ఉచితం. ఫలితాలు తనకు పంపాలన్నది ఆయన పెట్టిన షరతు.

చిన్నది కావాలంటే 1967 నాటి మిన్నెసోటా ప్రశ్నావళికి 20 ప్రశ్నల పొట్టి రూపం ఉంది. పనిని ఎలా రూపొందిస్తే ప్రేరణ పుడుతుందన్నది మీ ఆసక్తి అయితే హ్యాక్‌మన్, ఓల్డ్‌హామ్ 1970లలో తయారుచేసిన కొలతను చూడండి. రకరకాల నైపుణ్యాలు వాడే అవకాశం, పనిని మొదటి నుంచి చివరి దాకా చేసే వీలు, ఇతరులకు దాని విలువ, సొంత నిర్ణయానికి చోటు, ఎలా చేశామో తెలిసే మార్గం అనే ఐదు అంశాలు అందులో కీలకం. ఆ ఫిట్టరు కథను ఈ ఐదింటి పక్కన పెట్టి చూడండి. మొదటి నాలుగూ నిండుగా ఉన్నాయి. ఐదోదానికీ లోటు లేదు, ప్రెస్సు నడవడమే ఆయనకు జవాబు. లేనిది ఒక మనిషి నోటి నుంచి రావలసిన మాట.

కొలబద్దకు చివర మీ సొంత ప్రశ్నలు నాలుగైదు చేర్చుకోవచ్చు. వాటి లెక్క మాత్రం విడిగా చూపించండి.

6. తెలుగులోకి తేవడం

ఇక్కడ తొందరపడకండి. ఒక వారం దీనికే కేటాయించండి.

పుస్తకాల తెలుగు వద్దు, పనిచేసేవాళ్లు అనే మాటే రాయాలి. "పదోన్నతి" అని రాస్తే ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తారు. "ప్రమోషన్" అంటే అందరికీ తెలుసు. "అనుబంధ ప్రయోజనాలు" అంటే ఎవరికీ ఏమీ తోచదు. పీఎఫ్, ఈఎస్ఐ, బోనస్, సెలవులు అని విడివిడిగా రాయండి. గనిలో హాజరును మస్టర్ అంటారు. మార్కెట్ యార్డులో మూటలు మోసే హమాలీ, తూకం వేసే దడ్వాయి, లెక్కలు రాసే గుమాస్తా వేర్వేరు పనులు. వాళ్లందరినీ "కార్మికులు" అని ఒకే గడిలో వేస్తే మీకు ఆ యార్డు తెలియదని మొదటి పేజీలోనే వాళ్లకు అర్థమవుతుంది.

అన్నిటికంటే పెద్ద చిక్కు వ్యతిరేక వాక్యాలతో వస్తుంది. స్పెక్టర్ సర్వే లాంటి ఇంగ్లిష్ కొలబద్దల్లో సుమారు సగం వాక్యాలు కావాలనే వ్యతిరేక అర్థం వచ్చేలా తిప్పి రాసి ఉంటాయి. వాటిని మాటకు మాట తెచ్చుకుంటే, "నా శ్రమకు తగిన గుర్తింపు లభిస్తోందని నాకు అనిపించదు" లాంటివి తయారవుతాయి. దీనికి "అంగీకరించను" అని టిక్కు పెట్టిన మనిషి ఏమంటున్నాడు? నాకే రెండుసార్లు చదివితే తప్ప తెలియలేదు. "నేను చేసే పనిని ఇక్కడ ఎవరూ పట్టించుకోరు" అని రాయండి. వ్యతిరేక భావమూ ఉంది, ఒక్క చదువుకే అర్థమూ అవుతుంది.

రెండు సంగతులను ఒకే వాక్యంలో కట్టకండి. "నా జీతం, పని వేళలు బాగున్నాయి" అంటే, జీతం బాగుండి వేళలు బాగాలేని మనిషికి టిక్కు పెట్టడానికి చోటే లేదు.

తెలుగు పాఠం సిద్ధమయ్యాక, ఇంగ్లిష్ మూలం చూడని మరొకరి చేత దాన్ని తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్పించి, రెండు ఇంగ్లిష్ పాఠాలనూ పక్కపక్కన పెట్టి పోల్చండి. బ్రిస్లిన్ 1970లో వివరించిన పద్ధతి ఇది. ఎక్కడ భావం జారిందో అక్కడ వెంటనే కనిపిస్తుంది.

చదువు రానివాళ్లు, తక్కువ చదువుకున్నవాళ్లు ఉంటే ప్రశ్న మీరే చదివి వినిపించాలి. మెట్లు నోటితో చెబితే గుర్తుండవు. ఒక అట్ట మీద ఆరు గ్లాసుల బొమ్మలు గీయండి. మొదటిది ఖాళీ, చివరిది నిండు, నడుమవి కొద్దికొద్దిగా పెరుగుతూ. వాక్యం వినిపించి, అది తన విషయంలో ఎంత నిజమో వేలితో చూపించమనండి. బడి ఊడ్చే ఆయాలతో ఒక విద్యార్థిని ఇలా చేసింది. ఒకామె రెండో గ్లాసు మీద వేలు పెట్టి, మళ్లీ తీసి, "లేదు బిడ్డా, కొత్త హెడ్‌మాస్టర్ వచ్చినంక కొంచెం నయం" అని మూడో గ్లాసు చూపించిందట. ఆ ఒక్క మెట్టు తేడా కోసమే మన తిప్పలన్నీ.

7. పదిహేను మందితో సరిచూడండి

అసలు సర్వేకు ముందు పది, పదిహేను మంది చేత నింపించి, ఎక్కడ ఆగారో, ఎక్కడ మళ్లీ చదివారో చూడండి. పదిహేను నిమిషాలు దాటితే ఫారం పొడవైనట్టే. వీళ్ల జవాబులను అసలు లెక్కలో కలపవద్దు.

8. ఎంతమంది, ఎవరు

వందలోపు సిబ్బంది ఉంటే అందరినీ అడగండి. ఎక్కువమంది ఉంటే యమానే సూత్రం వాడుతుంటారు: మొత్తం సంఖ్యను పొరపాటు వర్గంతో గుణించి, దానికి ఒకటి కలిపి, వచ్చినదానితో మొత్తం సంఖ్యను భాగించాలి. 400 మంది ఉద్యోగులు, 5 శాతం (0.05) పొరపాటు అనుకుంటే, దాని వర్గం 0.0025; 400 ఇంటూ 0.0025 అంటే 1, దానికి 1 కలిపితే 2; 400ను 2తో భాగించాలి. 200 మంది.

ఆ 200 మంది ఎవరన్నది సంఖ్య కంటే ముఖ్యం. మన దగ్గర ఏ సంస్థ చూసినా పర్మినెంట్, కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ అని గీతలు ఉన్నాయి. ఒకే పని, పక్కపక్క కుర్చీలు, జీతంలో మాత్రం ఎంతో అంతరం. స్టేసీ ఆడమ్స్ 1960లలో చెప్పిన సమన్యాయ సిద్ధాంతం సరిగ్గా ఈ పోలిక గురించే: మనిషి తన జీతాన్ని విడిగా చూడడు, తన శ్రమకూ పక్కవాడి శ్రమకూ దక్కిన ఫలితాలను పోల్చి చూస్తాడు. 400 మందిలో పర్మినెంట్ 120, కాంట్రాక్టు 280 ఉంటే మీ నమూనాలో 60, 140 ఉండాలి. ఫలితాలు కూడా విడివిడిగానే చూపాలి. ఇద్దరినీ కలిపి సగటు తీస్తే వచ్చే అంకె ఆ సంస్థలో ఏ ఒక్కరిదీ కాదు.

హాజరు పట్టిక తీసుకుని చీటీలు వేసి ఎంపిక చేయండి. దొరికినవాళ్లతో నింపిస్తే పగటి షిఫ్టులో ఆఫీసు దగ్గరున్నవాళ్లే దొరుకుతారు. రాత్రి షిఫ్టు కోసం ఒకటి, రెండు రాత్రులు మీరు వెళ్లక తప్పదు.

9. నింపించే రోజు

తాళం వేసిన పెట్టె ఒకటి పట్టుకెళ్లండి. పైన చీలిక ఉన్న అట్టపెట్టె అయినా సరే, టేపు గట్టిగా అతికించి ఉండాలి. ఫారంతో పాటు కవరు ఇవ్వండి. అందరికీ ఒకే రంగు పెన్ను ఇవ్వండి. సూపర్‌వైజర్లను మర్యాదగా బయటికి పంపండి, వాళ్ల ఫారాలు వేరే రోజు తీసుకుంటామని చెప్పండి.

మొదలుపెట్టే ముందు నాలుగు మాటలు చెప్పాలి. మీరెవరు, ఇది దేనికి, పేరు అక్కర్లేదు, ఇష్టం లేకపోతే నింపకుండా కవరు పెట్టెలో వేయవచ్చు. దీనివల్ల జీతం పెరుగుతుందని గానీ సమస్య తీరుతుందని గానీ పొరపాటున కూడా ఆశ పెట్టకండి. "రాస్తే ఏమవుతుంది సార్?" అని తప్పకుండా ఎవరో ఒకరు అడుగుతారు. ఫలితాలు యాజమాన్యానికి ఇస్తాం, మీకూ చెబుతాం, ఆ తర్వాతది మా చేతుల్లో లేదు అని నిజమే చెప్పండి. నిజం విన్నవాళ్లే నిజం రాస్తారని నా అనుభవం.

10. లెక్కలు

ముందు తిప్పి రాసిన వాక్యాల మార్కులు సరిచేయండి. ఆరు మెట్ల కొలతలో 7లోంచి జవాబును తీసేస్తే సరిపోతుంది: 2 ఉంటే 5 అవుతుంది. ఇది మరచిపోయి రిపోర్టు మొత్తం తలకిందులైన సందర్భాలు ఉన్నాయి. వ్యతిరేక వాక్యాలున్న ఫారంలో కూడా అన్నిటికీ ఒకే అంకె వేసిన కాగితాలు పక్కన పెట్టి, ఎన్ని పక్కన పెట్టారో రాయండి.

తర్వాత ఒక్కో అంశానికి క్రాన్‌బాక్ ఆల్ఫా చూడండి. నాలుగు వాక్యాల జవాబులూ ఒకదానితో ఒకటి ఎంత పొందికగా ఉన్నాయో అది చెబుతుంది. 0.70 దాటితే చాలంటారు. బాగా తక్కువ వస్తే అనువాదాన్ని అనుమానించండి. జామోవి, జేఏఎస్‌పీ అనే సాఫ్ట్‌వేర్లు ఉచితం, ఇవన్నీ చేసిపెడతాయి.

శాతాలు చూపే గుండ్రటి (pie) చార్టులతో నలభై పేజీలు నింపకండి. తొమ్మిది అంశాల సగటులు ఒక పట్టిక, పర్మినెంట్ కాంట్రాక్టు పోలిక ఒక పట్టిక, షిఫ్టుల పోలిక ఒక పట్టిక. వాటి కింద టీ కొట్టు దగ్గర విన్న మాటలు. అంకె ఎంతో చెబుతుంది, ఎందుకో ఆ మాటలు చెబుతాయి.

జీతం గురించి ఒక హెచ్చరిక. జీతం ఎంత అన్నదానికీ ఉద్యోగ సంతృప్తికీ మధ్య సంబంధం చాలా తక్కువని, సుమారు 0.15 అని జడ్జ్ బృందమే 2010లో మరో విశ్లేషణలో తేల్చింది. దీన్ని పట్టుకుని "జీతం పెంచనక్కర్లేదు, మెచ్చుకుంటే చాలు" అని సూచనలు రాసే రిపోర్టులు చూస్తే నాకు బాధ కలుగుతుంది. వేర్వేరు ఉద్యోగాలలో ఉన్నవాళ్లను పోల్చి తీసిన సగటు అది. పిల్లల ఫీజు కట్టలేని హమాలీకి జీతం ముఖ్యం కాదని అది ఎక్కడా చెప్పలేదు. మీ పట్టికలో జీతం మార్కు అట్టడుగున ఉంటే, అట్టడుగున ఉందనే రాయండి.

11. ఫలితాలు తిరిగి ఇవ్వండి

యాజమాన్యానికి రిపోర్టు ఇస్తారు, కాలేజీకి ఇస్తారు. జవాబులిచ్చినవాళ్లకు కూడా ఇవ్వాలి. ఒకే పేజీ, పెద్ద అక్షరాల తెలుగులో: ఎంతమందిని అడిగాం, ఎక్కువమందికి నచ్చినవి మూడు, బాధపెడుతున్నవి మూడు, యాజమాన్యానికి మేం సూచించినవి రెండు. హాజరు వేసే చోట అంటించడానికి అనుమతి అడగండి. జిన్నింగ్ మిల్లులో అంటించిన కాగితంలో "మంచి పని చేసినప్పుడు ఎవరూ గుర్తించరు" అన్నది మొదటి వరుసలో ఉంది. ఆ ఫిట్టరు చేతులు తుడుచుకుంటూ వచ్చి, వేలుతో ఆ వరుస కింద గీత గీసినట్టు చదివి, మా విద్యార్థితో "నేనొక్కణ్నే అనుకున్నా" అన్నాడు.

ఫారాలు మాత్రం మీ ఇంట్లో తాళం వేసి ఉంచండి. వైవా (మౌఖిక పరీక్ష) పూర్తయి మార్కులు వచ్చాక చించి కాల్చేయండి. అప్పటిదాకా ఎవరు అడిగినా, గైడ్‌నైన నేను అడిగినా సరే, ఎవరి ఫారం ఏదో తెలిసేలా చూపించకండి.